బతికున్న కణం భరించగలిగే వెలుగు

కటకాన్ని ఎంత నిర్దుష్టంగా సానబట్టినా అది కాంతిని ఒక్క బిందువు దగ్గరికి కుదించలేదు. కాంతి తరంగం కనుక ఎక్కడ కేంద్రీకరించినా కొంత మేర పరుచుకునే ఉంటుంది. వివర్తనం అనే ఈ గుణం వల్ల ఒక అణువు నుంచి వచ్చిన వెలుగు సూక్ష్మదర్శినిలో చుక్కగా కాక చిన్న మచ్చగా కనిపిస్తుంది. ఆ మచ్చ ఎంతకన్నా చిన్నది కాలేదో 1873లో ఎర్న్‌స్ట్ అబె తేల్చాడు. అప్పట్లో ఆయన జర్మనీలోని యేనా నగరంలో కార్ల్ జైస్ కర్మాగారానికి సూక్ష్మదర్శినులు రూపొందిస్తున్నాడు. కటకం ఎంత విశాలమైన కోణం నుంచి కాంతిని పోగుచేస్తుందో చెప్పే సంఖ్యను న్యూమరికల్ అపెర్చర్ అంటారు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఆ సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే, రెండు చుక్కలు విడివిడిగా కనిపించడానికి వాటి మధ్య ఉండాల్సిన కనీస దూరం వస్తుంది.

ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 500 నానోమీటర్లు. నూనెలో ముంచి వాడే మంచి వస్తుకటకం అపెర్చర్ 1.4. లెక్క వేస్తే 180 నానోమీటర్ల దగ్గర తేలుతుంది. ప్రయోగశాలలో దాన్ని 200 అనుకోవడం పరిపాటి. లోతు దిశలో పరిస్థితి ఇంకా అధ్వానం, 500 నానోమీటర్లు దాటిపోతుంది. జీవకణంలో అసలు పని నడిచేదంతా ఈ కొలతకు దిగువనే. ఒక నాడీకణం నుంచి మరోదానికి సందేశం మోసే సంచుల వ్యాసం 40 నానోమీటర్లు. కణానికి అస్థిపంజరంలా ఉండే సూక్ష్మనాళికల మందం 25, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములది 20 నుంచి 30. మామూలు సూక్ష్మదర్శిని కింద పక్కపక్కనే సాగే రెండు సూక్ష్మనాళికలు ఒకే గీత. మైటోకాండ్రియా ఆకారం తెలుస్తుంది కానీ దాని లోపలి మడతలు తెలియవు.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి ఈ చిక్కు లేదు, ఎలక్ట్రాన్ల తరంగదైర్ఘ్యం అత్యల్పం కనుక. కానీ దాని గదిలో శూన్యం ఉండాలి. కణాన్ని రసాయనాలతో బిగించో గడ్డకట్టించో పలచటి పొరలుగా కోయాలి. అలా దొరికేది చచ్చిన కణపు అద్భుతమైన చిత్రం. కణం విభజన చెందుతుంటే, వైరస్‌ను మింగుతుంటే, పక్క కణంతో మాట్లాడుతుంటే చూడాలంటే కాంతిని ఆశ్రయించక తప్పదు.

ఆ కాంతి కూడా కణమంతటి నుంచీ వస్తే ప్రయోజనం లేదు. కావలసిన ప్రోటీను మాత్రమే వెలగాలి. కొన్ని అణువులు ఒక రంగు కాంతిని పీల్చుకుని, కొన్ని నానోసెకన్ల తర్వాత అంతకన్నా పొడవైన తరంగదైర్ఘ్యంలో వదులుతాయి. ఈ ఫ్లోరెసెన్స్ గుణమున్న ఆకుపచ్చ ప్రోటీనును 1962లో ఒసాము షిమొమురా బృందం జెల్లీఫిష్‌లో గుర్తించింది. దాని జన్యువును మరో జీవిలో పెడితే అక్కడా వెలుగుతుందని 1994లో మార్టిన్ చాల్ఫీ నిరూపించాడు. రోజర్ చెన్ ఆ ప్రోటీనును మార్చి మార్చి రంగుల వరసే తయారుచేశాడు. ఈ ముగ్గురికీ 2008 రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ఇక జీవశాస్త్రవేత్త ఏ ప్రోటీనుకు కావాలంటే దానికి బతికున్న కణంలోనే దీపం తగిలించవచ్చు. అబె హద్దు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఆ హద్దును బద్దలుకొట్టారని పత్రికల్లో తరచూ రాస్తుంటారు. అది సరికాదు. కటకం ఇప్పటికీ అబె చెప్పినట్టే నడుచుకుంటుంది. మారింది అణువులతో పని చేయించుకునే పద్ధతి. మచ్చలు కలిసిపోయేది ఇరుగుపొరుగు అణువులు ఒకేసారి వెలిగినప్పుడే. ఒకటి వెలుగుతుండగా పక్కది ఆరి ఉంటే, 20 నానోమీటర్ల ఎడంలో ఉన్నా వాటిని వేరుచేయవచ్చు. అంటే కటకం కన్నా అణువును వెలిగించి ఆర్పే నేర్పు ముఖ్యం. ఈ రంగంలో పద్ధతులకు పేర్లు లెక్కలేనన్ని ఉన్నా చాలావాటి గుట్టు ఇదే.

మొదటి దారి చూపింది రొమేనియాలో పుట్టి జర్మనీలో చదువుకున్న స్టెఫాన్ హెల్. ఫిన్లండ్‌లోని తుర్కులో పనిచేస్తూ 1994లో యాన్ విఖ్‌మన్‌తో కలిసి సిద్ధాంత వ్యాసం ప్రచురించాడు. ఒక లేజర్ పుంజం 200 నానోమీటర్ల మచ్చలోని అణువులన్నిటినీ ఉత్తేజపరుస్తుంది. వెంటనే రెండో పుంజం దిగుతుంది. అది నడుమ చీకటి ఉన్న వలయం ఆకారంలో ఉంటుంది. దాని తరంగదైర్ఘ్యం ఎలాంటిదంటే, ఉత్తేజిత అణువు తనంతట తాను వెలగకముందే దాని శక్తిని గుంజుకుని భూస్థాయికి దించేస్తుంది. లేజర్ పనిచేయడానికి మూలమైన ప్రేరిత ఉద్గారమే ఇక్కడ అణువులను ఆర్పే పనికి వచ్చింది. వలయం పడినచోట అణువులు ఆరిపోగా, నడిమి చీకట్లో ఉన్న కొద్దివి మాత్రం మామూలుగా వెలుగుతాయి. రెండు పుంజాలనూ జంటగా కణం మీద నడిపిస్తూ బిందువు బిందువుగా చిత్రం కడతారు. ఈ పద్ధతి పేరు స్టెడ్. 2000లో ఈస్ట్, ఇ. కోలై కణాల మీద దాన్ని నిరూపించి చూపేనాటికి హెల్ జర్మనీలోని గోటింగెన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థకు చేరాడు.

స్టెడ్‌లో నడిమి చీకటి ఎంత ఇరుకైతే చిత్రం అంత సూక్ష్మం. వలయపు కాంతిని పెంచేకొద్దీ చీకటి ఇరుకవుతుంది. అయితే ఆ పెంపు వర్గమూలం లెక్కన పనిచేస్తుంది. అణువుల్లో సగాన్ని ఆర్పడానికి చాలినంత కాంతిని ఒక పాలు అనుకుంటే, 24 పాళ్ల కాంతితో మచ్చ ఐదో వంతుకు, అంటే 40 నానోమీటర్లకు తగ్గుతుంది. దాన్ని ఇంకా సగం చేసి 20కి తేవాలంటే 99 పాళ్లు కావాలి. సూత్రం ప్రకారం దీనికి అంతు లేదు. కాగితం మీద ఎంత కాంతి కావాలంటే అంత రాసుకోవచ్చు, భరించాల్సింది మాత్రం కణం.

అయినా బతికున్న జీవుల మీద స్టెడ్ సాధించింది తక్కువేమీ కాదు. 2008లో హెల్ బృందం నాడీకణాల్లో సందేశపు సంచులు అటూ ఇటూ తిరగడాన్ని సెకనుకు 28 చిత్రాల వేగంతో పట్టింది. మచ్చ వెడల్పు 62 నానోమీటర్లు. అంత వేగం రావడానికి చూసే మేరను బాగా కుదించుకోవలసి వచ్చింది. 2012లో అదే బృందం బతికున్న ఎలుక మెదడులోకి చూసింది. కొన్ని నాడీకణాల్లో పసుపుపచ్చ ప్రోటీను వెలిగేలా జన్యుమార్పిడి చేసిన ఎలుక అది. మత్తిచ్చి, పుర్రెలో చిన్న కిటికీ తెరిచి, అక్కడ పలచటి గాజు అమర్చారు. ఊపిరి పీల్చినా గుండె కొట్టుకున్నా మెదడు కదులుతుంది. 70 నానోమీటర్లు కొలవబోయే చోట ఆ కదలిక భూకంపంతో సమానం కనుక గాజును కదలకుండా బిగించడమే ప్రయోగంలో సగం పని. మెదడు పైపొరలో 10, 15 మైక్రోమీటర్ల లోతున నాడీకణపు కొమ్మలు, వాటి మీద మొగ్గల్లాంటి ముళ్లు కనిపించాయి. నాడీసంధులు ఏర్పడేది ఈ ముళ్ల తలల మీదే. కొన్ని నిమిషాలకోసారి తీసిన చిత్రాల్లో ఆ తలలు ఆకారం మార్చుకోవడం తెలిసింది.

రెండో దారి అణువులను ఆర్పడానికి బలప్రయోగం చేయదు. ఏది ఎప్పుడు వెలగాలో యాదృచ్ఛికతకే వదిలేస్తుంది. దీని బీజం 1989 నాటిది. ఐబీఎం పరిశోధనశాలలో విలియం మోర్నర్ ఒకే ఒక్క అణువు కాంతిని పీల్చుకోవడాన్ని కొలిచాడు. 1997లో ఆయన బృందమే ఆకుపచ్చ ప్రోటీను అణువులు విడివిడిగా వెలిగి ఆరుతుంటాయనీ, ఆరినవాటిని వేరే రంగు కాంతితో మళ్లీ లేపవచ్చనీ చూపింది. అణువు ఒంటరిగా వెలిగితే దాని మచ్చ 200 నానోమీటర్ల వెడల్పున్నా పర్వాలేదు, ఆ మచ్చ కేంద్రం ఎక్కడుందో అంతకన్నా ఎంతో కచ్చితంగా చెప్పవచ్చు. మచ్చ పరపుకు కొలత అయిన ప్రామాణిక విచలనం 100 నానోమీటర్లయితే, 100 ఫోటాన్లు అందినప్పుడు కేంద్రం 10 నానోమీటర్ల కచ్చితత్వంతో తెలుస్తుంది. 10,000 అందితే 1 నానోమీటరు. ఇక్కడా వర్గమూలమే.

ఇలా ఒక్కో అణువు కేంద్రాన్ని విడిగా గుర్తించి చిత్రం కట్టవచ్చనే ఊహను 1995లో ఎరిక్ బెట్జిగ్ వ్యాసంగా ప్రచురించాడు. అప్పటికే బెల్ ల్యాబ్స్ ఉద్యోగం మీద విసుగెత్తి మానేశాడు. తర్వాత విజ్ఞానరంగాన్నే వదిలేసి మిషిగన్‌లో తండ్రి నడిపే యంత్ర పరికరాల సంస్థలో చేరిపోయాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి ఆయన ఊహకు కావలసిన అణువు సిద్ధంగా ఉంది. జార్జ్ ప్యాటర్సన్, జెన్నిఫర్ లిపిన్‌కాట్-ష్వార్ట్జ్ 2002లో తయారుచేసిన ప్రోటీను మామూలుగా చీకటిగా ఉంటుంది, ఊదా కాంతి తగిలితేనే వెలగడం మొదలుపెడుతుంది. ఉద్యోగం లేని బెట్జిగ్, ఆయన స్నేహితుడు హరాల్డ్ హెస్ కలిసి కాలిఫోర్నియాలో హెస్ ఇంటి ముందుగదిలో సూక్ష్మదర్శిని కట్టారు. ఊదా కాంతిని ఎంత పొదుపుగా వాడతారంటే, వేల అణువుల్లో ఒకదానికొకటి దూరంగా ఉన్న కొన్నే మేల్కొంటాయి. వాటి కేంద్రాలు నమోదుచేసి, శాశ్వతంగా ఆరిపోయేదాకా వెలిగించి, మరికొన్నిటిని లేపుతారు. వేల విడతల చుక్కలను ఒకే పటం మీద పేరిస్తే చిత్రం తయారవుతుంది. 2006లో వెలువడిన ఈ పద్ధతి పేరు పామ్. అదే ఏడాది షియావోవెయ్ జ్వాంగ్ బృందం స్టార్మ్ అనే పేరుతో, శామ్యూల్ హెస్ బృందం మరో పేరుతో దాదాపు ఇదే ప్రకటించాయి. హెల్, బెట్జిగ్, మోర్నర్‌లకు 2014లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

పామ్ తొలి చిత్రాలు రసాయనాలతో బిగించిన కణాలవి. ఒక్కో చిత్రానికి గంటలు పట్టింది. కదలని కణం విషయంలో ఓపిక ఉంటే చాలు. బతికున్నది ఆగదు. 2008లో బతికున్న కణాల మీద ఈ పద్ధతిని ప్రయోగించినప్పుడు 60 నానోమీటర్ల సూక్ష్మతతో ఒక్కో చిత్రానికి 25 సెకన్లు పట్టింది. కణం నేలను పట్టుకునే అంటుల్లాంటివి నెమ్మదిగా మారతాయి కనుక వాటికి అది సరిపోయింది. కానీ కణంలో సరుకు మోసే సంచి సెకనుకు ఒక మైక్రోమీటరు నడుస్తుంది. 25 సెకన్లలో అది కణం ఈ కొసనుంచి ఆ కొసకు చేరిపోతుంది. దాన్ని 60 నానోమీటర్లలో పట్టాలంటే చిత్రం 60 మిల్లీసెకన్లలో పూర్తికావాలి. ఆ వ్యవధిలో చిత్రానికి చాలినన్ని అణువులు విడివిడిగా వెలగవు. పైగా 60 నానోమీటర్ల వివరం నమ్మదగ్గది కావాలంటే గుర్తింపు అణువులు కనీసం 30 నానోమీటర్లకొకటి ఉండాలి. కేంద్రం ఎంత కచ్చితంగా తెలిసినా చుక్కలు పలచగా ఉంటే అది పొడిపొడి బొమ్మే. అందుకే బతికున్న కణంలో ఈ పద్ధతి బొమ్మ గీయడం కన్నా, ఒక్కో అణువు ఎటు పోతోందో వెంటాడి రాసుకోవడంలోనే ఎక్కువ రాణించింది.

నోబెల్ జాబితాలో చేరని మూడో పద్ధతి, స్వీడన్‌కు చెందిన మాట్స్ గుస్టాఫ్‌సన్ 2000లో వెలువరించిన సిమ్. ఆయన 2011లోనే మరణించాడు. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో బతికున్న కణాలకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఇదేనని చెప్పినా అతిశయోక్తి కాదు. మడతపడిన దోమతెర మీద దారాల అల్లిక కన్నా ఎంతో పెద్ద చారలు అలలు అలలుగా కనిపిస్తాయి. రెండు సన్నని అల్లికలు ఒకదానిమీదొకటి పడి, కంటికి ఆనే మూడో నమూనాను పుట్టిస్తాయి. సిమ్ చేసేదీ అదే. కణం మీద సన్నని చారల వెలుగు వేస్తారు. కణంలోని కంటికందని అల్లిక ఈ చారలతో కలిసి, కటకానికి అందేంత పెద్ద నమూనాగా మారుతుంది. చారలు ఎలాంటివో ముందే తెలుసు కాబట్టి గణితంతో వెనక్కి లెక్కించి అసలు అల్లికను రాబడతారు. చారలను మూడు దిక్కులకు తిప్పి, ప్రతి దిక్కులో మూడుసార్లు జరిపి, మొత్తం తొమ్మిది చిత్రాలు తీస్తే సరి. సూక్ష్మత రెండింతలే పెరుగుతుంది, 100 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. స్టెడ్, పామ్‌ల పక్కన ఇది నామమాత్రం. అయితే తొమ్మిది చిత్రాలకు పట్టే సమయం స్వల్పం, ఏ ప్రత్యేక అణువూ అక్కర్లేదు, కావలసిన కాంతీ తక్కువే. 2009 నాటికే సెకనుకు 11 చిత్రాలు సాధ్యమయ్యాయి. 2018లో బీజింగ్‌లోని దోంగ్ లీ బృందం, లిపిన్‌కాట్-ష్వార్ట్జ్, బెట్జిగ్‌లతో కలిసి 97 నానోమీటర్ల సూక్ష్మతతో సెకనుకు 266 చిత్రాలు తీసింది.

సూక్ష్మతకు వేగం తోడైతే ఏం దొరుకుతుందో కణంలోని అంతర్జీవద్రవ్య జాలం విషయంలో చక్కగా తెలిసింది. కేంద్రకం నుంచి కణం అంచులదాకా పరుచుకున్న పొరల, గొట్టాల వల అది. కణం అంచుల దగ్గర అక్కడక్కడా విశాలమైన పలకలు ఉన్నాయని పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు వేసేవారు. 2016లో లిపిన్‌కాట్-ష్వార్ట్జ్ బృందం బతికున్న కణాల్లో వేర్వేరు పద్ధతులతో ఆ జాగాలను చూసి, పలకలనుకున్న వాటిలో చాలా భాగం నిజానికి దట్టంగా అల్లుకున్న గొట్టాలని ప్రకటించింది. గొట్టాలు క్షణక్షణం వణుకుతూ జరుగుతుండటం వల్ల నిదానమైన చిత్రాల్లో సందులు పూడిపోయి పలకలా కనిపించాయట. 2019లో అమెరికాలోని మరో బృందం స్టెడ్‌తో చూసి పలకలు ఉన్నాయనీ, వాటిలో నానోమీటర్ల స్థాయి రంధ్రాలు పడుతూ పూడుతూ ఉంటాయనీ, దట్టమైన గొట్టాల అల్లికలు కూడా వేరుగా ఉన్నాయనీ చెప్పింది. రంధ్రాలున్న పలకకూ దగ్గరగా అల్లిన గొట్టాలకూ తేడా చెప్పడం 100 నానోమీటర్ల దగ్గర తేలిక కాదు. సిమ్‌లో లెక్కకట్టే దశలో కాంతి చాలకపోతే, లేని తేనెపట్టు గళ్లు కూడా చిత్రంలో మొలుస్తాయి. కాబట్టి ఒకే పద్ధతి చూపిన కొత్త ఆకారాన్ని వేరే సూత్రం మీద నడిచే ఇంకో పద్ధతి ధ్రువీకరించేదాకా ఆగడం మంచిది.

ఇక వెలుగు లెక్క. భూమి మీద పడే ఎండ తీవ్రత చదరపు సెంటీమీటరుకు వాటులో పదో వంతు. సిమ్‌కు పదుల వాట్లు చాలవచ్చు. పామ్‌కు వేల వాట్లు పడతాయి. స్టెడ్ వలయంలో ఆ తీవ్రత మెగావాట్లలోకి, కొన్నిసార్లు వందల మెగావాట్లలోకి పోతుంది, అది పడేది క్షణకాలం అణుమాత్రపు జాగా మీదైనా సరే. కణం వేడెక్కడం కన్నా పెద్ద ముప్పు రసాయనికమైనది. ఉత్తేజిత అణువు ఒక్కోసారి తన శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటిస్తుంది. అలా పుట్టిన చురుకైన ఆక్సిజన్ రూపాలు పొరలను, ప్రోటీన్లను, డీఎన్ఏను దెబ్బతీస్తాయి. వెలిగే అణువు కూడా అలాగే ఆరిపోతుంది. రంగును బట్టి హాని మారుతుంది. ఎరుపును కణం చాలావరకు ఓర్చుకుంటుంది, నీలం, ఊదాలను ఓర్చుకోలేదు. పామ్‌లో అణువులను లేపడానికి వాడేది ఆ ఊదా కాంతే కావడం ఇబ్బంది.

దెబ్బ తిన్న కణం వెంటనే చావదు. మైటోకాండ్రియా పొడవాటి దారాల్లోంచి ముక్కలుగా తునగడం, కణం గుండ్రంగా ముడుచుకుపోవడం, విభజన ఆగిపోవడం లాంటివి నెమ్మదిగా బయటపడతాయి. ప్రమాదం ఎక్కడంటే, మైటోకాండ్రియా తునగడాన్నే అధ్యయనం చేసేవారికి అది కణపు సహజ ప్రవర్తనలాగే కనిపిస్తుంది. అందుకే జాగ్రత్తపరులు చిత్రీకరించిన కణాలను వదిలేయకుండా మర్నాడు వచ్చి అవి మామూలుగా విభజన చెందాయో లేదో చూస్తారు. వెలుగు తగలని పొరుగు కణాలతో పోల్చుతారు. ఈ పరీక్ష ప్రస్తావన లేని సినిమాను, ఎంత అందంగా ఉన్నా, సందేహంతో చూడాలి.

గత పదిహేనేళ్లలో వచ్చిన మెరుగుదలల్లో ఎక్కువ భాగం ఈ ఖర్చు తగ్గించుకోవడానికే. హెల్ బృందం 2011లో వాడిన ప్రోటీను స్విచ్చులాంటిది, స్వల్ప కాంతికే వెలుగు, చీకటి స్థితుల మధ్య మారి ఆ స్థితిలోనే నిలబడుతుంది. నానోసెకన్లలో శక్తిని గుంజుకోవాల్సిన తొందర లేదు కనుక స్టెడ్ తరహా వలయాన్నే ఎన్నో రెట్లు తక్కువ కాంతితో నడపవచ్చు. స్విట్జర్లాండ్‌లో కాయ్ యోన్సన్ బృందం ఎరుపు చివర వెలిగే సిలికాన్ రోడమిన్ రంగులను తయారుచేసింది. అవి కణపు పొరగుండా లోనికి వెళ్లి, లక్ష్యానికి అతుక్కున్నాకే బాగా వెలుగుతాయి. నాడీకణపు పొడవాటి ఆక్సాన్‌లో ఆక్టిన్ ప్రోటీను 180, 190 నానోమీటర్లకొకటి చొప్పున కట్లు కట్టినట్టు ఉంటుందని జ్వాంగ్ బృందం 2013లో స్టార్మ్‌తో కనిపెట్టింది. ఆ ఎడం సరిగ్గా అబె హద్దు దగ్గరే ఉండటం వల్ల అంతవరకూ అది ఎవరి కంటా పడలేదు. ఆ కట్లు కణాన్ని బిగించే రసాయనాలు సృష్టించిన భ్రమ కాదని, సిలికాన్ రోడమిన్ తగిలించిన బతికున్న నాడీకణాలను స్టెడ్ కింద చూశాక రూఢి అయింది.

హెల్ బృందమే 2016 చివర్లో ప్రకటించిన మిన్‌ఫ్లక్స్ ఇంకో మెట్టు ఎక్కింది. ఇందులో వలయం అణువును ఆర్పదు, ఉత్తేజపరుస్తుంది. వలయాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ అణువు దాని నడిమి చీకటికి ఎంత దగ్గరలో ఉందో లెక్కిస్తారు. చీకటికి దగ్గరైనకొద్దీ అణువు తక్కువ ఫోటాన్లు వదులుతుంది. అంటే తక్కువ వెలుగే ఇక్కడ ఎక్కువ సమాచారం. కొద్ది ఫోటాన్లతోనే ఒకటి నుంచి మూడు నానోమీటర్ల కచ్చితత్వం వస్తుంది. కైనెసిన్ అనే మోటారు ప్రోటీను సూక్ష్మనాళిక మీద 8 నానోమీటర్ల చొప్పున అడుగులేస్తుంది. 2023లో బతికున్న కణంలోనే ఆ అడుగులను లెక్కించగలిగారు. ఒకసారికి ఒక అణువునే వెంటాడాలి కనుక విశాలమైన చిత్రం మాత్రం దీనితో త్వరగా రాదు.

తక్కువ కాంతిలో తీసిన మసక చిత్రాన్ని కంప్యూటర్‌కు నేర్పిన నమూనాలతో తేటపరచడం ఇప్పుడు మామూలైంది. కణానికి ఇది నిజంగా మేలే. ఐతే ఆ నమూనా తాను ముందు చూసినవాటిని బట్టే ఖాళీలు పూరిస్తుంది. మైటోకాండ్రియాల మీద శిక్షణ పొందినది, అంతవరకూ ఎవరూ చూడని ఆకారాన్ని కూడా మైటోకాండ్రియాలాగే దిద్దిపెడుతుంది. తెలిసిన ఆకారాలను లెక్కపెట్టడానికి వాడుకోవచ్చు, కొత్తవి కనిపెట్టడానికి దాన్ని నమ్ముకోకూడదు.

మిగిలింది లోతు. పైన చెప్పిన పద్ధతులన్నీ గాజు పలక మీద పలచగా పరుచుకున్న ఒంటరి కణాల మీద బాగా పనిచేస్తాయి. కణజాలం లోపలికి వెళ్లేకొద్దీ ప్రతి పొరా కాంతిని చెదరగొడుతుంది. స్టెడ్ వలయపు నడిమి చీకటి పూడిపోతుంది, సిమ్ చారలు చెరిగిపోతాయి. ఖగోళశాస్త్రజ్ఞులు వాతావరణపు వణుకును సరిదిద్దడానికి ఆకారం మార్చుకునే అద్దాలు వాడతారు. అలాంటి అద్దాలనే సూక్ష్మదర్శినుల్లో అమర్చి, కణజాలంలో ఒక వెలుగు చుక్కను ఆనవాలుగా పెట్టుకుని వక్రీకరణను సవరిస్తున్నారు. 2018లో బెట్జిగ్ బృందం వీటికి పలచటి రేకులాంటి కాంతిని జతచేసి, బతికున్న జీబ్రాచేప పిల్ల లోపలి చెవిలో పాకుతున్న రోగనిరోధక కణాన్ని మూడు కొలతల్లోనూ చిత్రించింది. ఆ చిత్రాల సూక్ష్మత అబె హద్దుకు లోబడినదే. 50 నానోమీటర్ల వివరాన్ని వదులుకుని, కణం తన సహజ పరిసరాల్లో ఎలా నడుస్తుందో చూడటాన్ని ఆ బృందం ఎంచుకుంది.